నిదానంగా నడిచిన స్టైల్‌షీట్

నూజివీడు దగ్గర, కాన్వెంటు
18 జూన్ 2023, ఆదివారం

జాకబ్ అన్నకు,

ఈడికి వచ్చినాక ఇదే మొదటి ఆదివారం తీరుబడి. మఠంలో కొత్తగా చేరిన నోవిస్‌లకు ఉత్తరాలు రాసుకునేది ఆదివారం మధ్యాహ్నం మాత్రమే. ఫోను గేటు కాడే తీసుకున్నారు, ఏడాది నిండినాకనే ఇస్తారంట. రాసిన కవరు అంటించకుండా మదర్ చేతికియ్యాల. ఆమె చదివినాక పోస్టుకు పోతాది. అందుకని మదర్‌కు కూడా ఒక నమస్కారం పెట్టి మొదలుపెడతాండా.

నేను బాగుండా. ఈడ కొళాయిలో పొద్దస్తమానం నీళ్ళొస్తాయన్నా. పళ్ళు తోముకుంటా కూడా నేను మధ్యలో కట్టేస్తాంటే మిగతావాళ్ళు నవ్వుతారు. నా మాటకు కూడా నవ్వుతారు. 'చేసినా, పోయినా' అంటే వాళ్ళకు వింతగా ఉండాది. మామిడిపండ్లు తిని తిని పొట్ట చెడిపోయి రెండు రోజులు పూజకు కూడా పోలేకపోయినా.

బయట ఏం పని చేసేదానివని మదర్ అడిగింది. మా అన్న, నేను అనంతపురంలో నాగేశ్వర సార్ ఆఫీసులో పక్క పక్క కుర్చీల్లో స్టైల్‌షీట్లు రాసేవాళ్ళమని చెప్పినా. అదేమని అడిగింది. విదేశాల డాక్టర్ల పత్రికలు మాకు ముడి రూపంలో వస్తాయి, ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ అని ప్రతి ముక్కకూ గుర్తు తగిలించి ఉంటారు, ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను చదువుకునే పేజీలుగా ఎట్లా మార్చాలో కంప్యూటర్‌కు చెప్పే రాతే స్టైల్‌షీట్ అని చెప్పినా. ఆమె కాసేపు ఆలోచించి, అంటే మన మఠం నియమావళి లాంటిదన్నమాట, అనింది. నేను కాదనలా.

ఆ ఎముకల డాక్టర్ల పత్రికది పని ఏమాయ? పాత సంచికలన్నీ ఇస్తామన్నారు కదా, ఇచ్చినారా? సగంలో వదిలేసి వచ్చినానని నాకు ఒక మూల గుచ్చుకుంటానే ఉండాది.

వదిన ఎట్లుండాది? కాళ్ళ వాపు తగ్గిందా? ఆగస్టు చివర అన్నాడు కదా డాక్టరు. ఏమయినా సరే వెంటనే రాయి. నాయన గొర్రెల్ని తోలుకుని నల్లమాడ పక్కకు పోయుంటాడు ఈ పాటికి. వచ్చినాక నా ఉత్తరం చదివి వినిపించు.

ఉత్తరాలు ఇంటికి రాయాల్నా, ఆఫీసుకు రాయాల్నా? మన వీధిలో పోస్టు సరిగా రాదని ఆఫీసుకే రాస్తాండా.

నీ చెల్లెలు
కృపాకుమారి

•

అనంతపురం
13 ఆగస్టు 2023

కృపా,

నీ ఉత్తరం చేరింది. జవాబు ఆలస్యమాయ. ఆఫీసుకే రాయి, అదే మేలు.

పాత సంచికలు వచ్చినాయి. చాలా ఏండ్లవి. ఒక్కో ఏడాదివన్నీ కలిపి ఒకే ఫైలుగా పంపినారు. డిసెంబరు ఆఖరుకు అన్నీ పేజీలు చేసి ఇయ్యాల. నాగేశ్వర సార్ ఈ పని మొత్తం నాకే అప్పజెప్పినాడు. నీ కుర్చీలో ఎవరినీ పెట్టలేదు. దాని మీద ఇప్పుడు ప్రింటరు పెట్టినారు.

స్టైల్‌షీట్ బాగా నిదానంగా నడుస్తాంది. ఒక ఏడాది ఫైలు పొద్దున పెడితే సాయంత్రం దాకా తిరుగుతాది. దగ్గర ఉండి చూసుకోవాల, మధ్యలో ఆగిపోతే మళ్ళా మొదటి నుంచి పెట్టాల. అందుకని ఆదివారం కూడా వస్తాండా. ఇప్పుడు కూడా ఆఫీసులోనే కూర్చుని రాస్తాండా. కింద జెరాక్సు అంగడి మూసేసినారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

నిదానం ఎక్కువ యాడుందంటే, వ్యాసం మధ్యలో పన్నెండో ఆధారం, ముప్పయ్యో ఆధారం అని అంకెలుంటాయి కదా, ప్రతి అంకెకూ చివర పట్టికలో ఉండే ఆ పుస్తకం పేరు తెచ్చి తగిలించే చోట. ఆ లైన్లు కింద రాస్తాండా, చూడు. డబుల్ స్లాష్ పెట్టి వెతుకుతాండా.

వాన లేదు. జూన్‌లో ఒక పదును వాన పడితే చెనిక్కాయ విత్తినారు. ఆ తర్వాత చినుకు లేదు. ముదిగుబ్బ దావలో పోతాంటే చేన్లు రోడ్డు రంగులోనే ఉండాయి.

నాయన వచ్చినాడు. ఇంట్లోనే ఉండాడు.

ప్రశాంతికి కాన్పయింది. నెల ముందే అయింది. ఆడపిల్ల.

ఫైలు ఆగినట్టుండాది. చూడాల. ఉంటా.

జాకబ్

•

నూజివీడు దగ్గర
27 ఆగస్టు 2023

అన్నకు, వదినకు, నేనింకా చూడని నా కోడలికి,

అన్నా, నీ ఉత్తరంలో చివరి మాట ముందు చదివినా. ఎట్లనంటే మదర్ కవరు చేతికిస్తా, నీకు మేనకోడలు పుట్టిందంట, అని ఆమే చెప్పేసింది. నేను ఏడ్చినా. ఇంత పెద్ద సంగతి చెనిక్కాయ చేన్ల తర్వాత రాసే మనిషి నువ్వొక్కడివే. ఎంత బరువుంది, ఎవరి పోలిక, వదినకు మామూలు కాన్పేనా, ఒక్క ముక్క రాయలా. నెల ముందు అంటే బిడ్డను ఎక్కువ రోజులు ఆస్పత్రిలో ఉంచుకున్నారా? వజ్రకరూరు నుంచి వదిన వాళ్ళమ్మ వచ్చిందా? ఇప్పుడు ఇంట్లో ఎవరు చూసుకుంటాండారు?

ఇంకో సంగతి. నోవిస్‌లు ఏడాది పాటు ఇల్లు తొక్కకూడదు. అయినా నేను మదర్ కాళ్ళావేళ్ళా పడి అడిగినా. అమ్మ పోయినాక మా ఇంట్లో జరిగే మొదటి మంచి అదేనని చెప్పినా. ఆమె మూడు రోజులు ఏమీ చెప్పలా. నిన్న పిలిచి, జ్ఞానస్నానానికి మాత్రం పోయిరా, క్రిస్మస్ ముందటి ఆగమన కాలం మొదలయ్యే లోపల, తేదీ ముందుగా చెప్పాల, అనింది. నీకు తెలీదన్నా, ఈడ ఇట్లాంటిది ఎవరికీ ఇయ్యలేదంట. ఫాదర్‌ను అడిగి తేదీ పెట్టుకుని వెంటనే రాయి.

ఇంక నీ పని. నువ్వు రాసిన లైన్లు చూసి ఇదేదో రహస్య భాష అనుకున్నారు మదర్. అందుకే ఉత్తరం నాకు నాలుగు రోజులు ఆలస్యంగా ఇచ్చినారు. డబుల్ స్లాష్ అంటే ఏమని అడిగినారు. మన భోజనాల గదిలో ప్రతి సిస్టరుకూ గ్లాసు తెచ్చియ్యాల్సి వస్తే, ఒక్కో గ్లాసుకూ గేటు కాడికి పోయి, ఆడ్నుంచి ప్రతి గదీ వెతుక్కుంటా మళ్ళా వంటింటికి రావడమని చెప్పినా. ఆమెకు అర్థమాయ. మరి ఏం చేయాల, అనింది.

అదే నీకు చెప్తాండా. కీ పెట్టన్నా. పైన ఒక్కసారి కీ చెప్పుకుంటే ఏ ఆధారం యాడుందో కంప్యూటర్ ముందే గుర్తు పెట్టుకుంటాది. తర్వాత అంకె చూడగానే నేరుగా అందుకుంటాది. ఒక ఏడాది ఫైలు టీ తాగి వచ్చేలోపల అయిపోతాది. ఇది నువ్వు నాకు నేర్పించిందే. పని ఒత్తిడిలో మర్చిపోయినట్టుండావు. ఈ మార్పు చేసి, ఆదివారాలు ఇంట్లో బిడ్డను ఎత్తుకుని కూర్చో.

తేదీ రాయి. తేదీ రాయి.

మేనత్త అయిపోయిన
కృప

•

అనంతపురం
24 సెప్టెంబరు 2023

కృపా,

నీ ఉత్తరం అందింది.

నువ్వు చెప్పినట్టు కీ రాసినా. అయినా నిదానంగానే ఉండాది. ఇంకా ఎక్కడో పట్టేస్తాంది. బొమ్మలకు నంబర్లు వేసే చోట కావచ్చు. ప్రతి బొమ్మ కాడా, దీని ముందు ఎన్ని బొమ్మలు పోయినాయని మొదటి నుంచి లెక్కపెట్టుకుంటాంది. ఫైలు చివరికి పోయేకొద్దీ ఇంకా నిదానమైపోతాది.

ఈ పని తేలేదాకా తేదీ ఏమీ చెప్పలేను. డిసెంబరు ఆఖరు అన్నారు కదా. ఫాదర్‌ను కలవలేదు. మదర్‌కు ఇబ్బంది అయితే ఆ సెలవు వద్దని చెప్పు.

నాయన గొర్రెల్ని సగం అమ్మేసినాడు. మేపు లేదు. మిగిలిన వాటిని తోటి కాపరి తిప్పేష్ మందలో కలిపినాడు. నాయన కూడా ఈడనే ఉండాడు. పొద్దున లేచి గడప కాడ కూర్చుంటాడు.

ప్రశాంతి బాగానే ఉండాది. కుట్లు మానినాయి. వాళ్ళమ్మ వచ్చి ఉండి పోయింది.

చెనిక్కాయ ఊడలు దిగలేదంట, ఇంక కాయ పట్టదు. పీకి గొర్రెలకు వేస్తాండారు. సాయంత్రం పూట బాగా గాలి తోలుతాంది, ఆఫీసు కిటికీలు మూసినా బల్ల మీద దుమ్ము పడుతుంది. తుడిచినా మళ్ళా పడుతుంది. కీబోర్డు మీద గుడ్డ కప్పి పోతాండా.

జాకబ్

•

నూజివీడు దగ్గర
8 అక్టోబరు 2023

అన్నకు,

ఈ ఉత్తరం రెండు సార్లు రాసి చింపేసినా. మూడోది మదర్‌కు ఇస్తాండా. ఆమె చదువుతాదని తెలిసే రాస్తాండా.

నీకు నా మీద కోపముంటే నేరుగా చెప్పు. ఆఫీసులో పని సగంలో వదిలేసి నేను ఈడికి వచ్చినానని, ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడివే మోస్తాండావని కోపముండొచ్చు. నేను వచ్చేటప్పుడు నువ్వు వద్దనలా. బస్‌స్టాండుకు వచ్చి సంచి ఎక్కించినావు. మనసులో ఏముందో నాకేం తెలుసు. ఆ సెలవు వద్దని చెప్పు, అని ఎంత సులభంగా రాసినావన్నా. నా కోసం మదర్ పైవాళ్ళకు ఉత్తరం రాసినారు.

లేకుంటే ఇంకో ఆలోచన వస్తాంది. రాయడానికి చెయ్యి రాలా, అయినా రాస్తాండా. ఆడపిల్ల అని నీ మనసులో ఏమన్నా ఉండాదా? నాయన అట్లాంటి మనిషి కాదు. నువ్వూ కాదనే నేననుకున్నా. రెండు ఉత్తరాలు రాసినావు. రెండింటిలో బిడ్డ గురించి ఒకే ఒక మాట. ఆ మాట కూడా ఆడపిల్ల అని. పేరేం అనుకుంటాండారో కూడా రాయలా. నాయనకు విడిగా ఒక కార్డు వేసినా, మనవరాలు ఎట్లుండాదని. దానికి కూడా జవాబు లేదు. వదిన ఒక్క ముక్క రాయలా. నేను ఆమెకు ఏం తప్పు చేసినా?

వదినను ఒకసారి అడిగి చూడు. ఇప్పుడు బిడ్డకు మెడ నిలబడే వేళ. ఆ వేళలో నువ్వు ఆఫీసులో కిటికీలు మూసుకుని దుమ్ము తుడుస్తా కూర్చున్నావని చదివితే నాకు ఏమీ తోచలా.

ఇంక నీ పని. బొమ్మల నంబర్లకు ప్రతి సారీ మొదటి నుంచి లెక్కపెట్టొద్దు. ఏ వ్యాసం బొమ్మలు ఆ వ్యాసంలోనే లెక్కపెట్టించు. అసలు ఏడాది ఫైలును ముందు సంచికలుగా విడగొట్టు, ఒక్కో సంచిక చిన్నదిగా ఉంటాది, ఆగిపోయినా ఆ ఒక్కటే మళ్ళా పెట్టుకోవచ్చు. ఈ రెండూ చేస్తే నువ్వు ఆదివారాలు రావాల్సిన పనే లేదు. చేసినాక కూడా నిదానంగా ఉంటే, పైనుంచి మొదటి పేజీ లైన్లన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసి పంపు. నేనే చూస్తా. ఈడ బట్టలు ఉతికేటప్పుడు మనసులోనే చదువుకుంటా.

ఆగమన కాలం డిసెంబరు మూడున మొదలవుతాది. దానికి ముందు ఏ ఆదివారమైనా సరే.

కృపాకుమారి

•

అనంతపురం
22 అక్టోబరు 2023

కృపా,

ఆడపిల్ల అని కాదు. అట్లా ఎప్పుడూ అనుకోవద్దు.

నీ మీద కోపం లేదు.

నువ్వడిగిన లైన్లు వెనక పేజీలో రాసినా. చేత్తో రాసినా కాబట్టి ఎక్కడన్నా గీత తప్పిపోయుంటే సర్దుకుని చదువుకో. ఏడాది ఫైలు విడగొట్టలేదు. వాళ్ళు ఎట్లా పంపినారో అట్లనే చేస్తాండా.

దసరాకు ఆఫీసు సెలవు. తాళం నా దగ్గరే ఉండాది.

జాకబ్

•

నూజివీడు దగ్గర
5 నవంబరు 2023

అన్నా,

నీ లైన్లు చదివినా. మొదటి సారి చదివినప్పుడు నువ్వు తప్పు రాసినావనుకున్నా. రాత్రి ప్రార్థన అయినాక మళ్ళా చదివినా. బట్టలుతుకుతా గుర్తు తెచ్చుకున్నా. తప్పు కాదు.

పైన కీ చెప్పినావు. సరిగ్గా చెప్పినావు, ఒక్క అక్షరం పొల్లు పోలేదు. కింద ఆధారాలు తెచ్చే చోట మాత్రం ఆ కీ వాడలా. డబుల్ స్లాష్ అట్లనే ఉండాది. బొమ్మల నంబర్లకు కూడా నేను చెప్పిన పద్ధతి రాసి, దాన్ని పని చేయకుండా పక్కన పెట్టి, పాతదే నడిపిస్తాండావు. తెలియని వాడైతే కీ రాయడు. తెలిసినవాడు రాసి వాడుకుంటాడు. నువ్వు రాసి వదిలేసినావు. మర్చిపోయి చేసింది కాదు ఇది.

నేను ఆ ఆఫీసులో చేరిన వారంలో, నేను రాసింది ఇట్లనే గంటలు గంటలు తిరుగుతాంటే, నువ్వు కుర్చీ జరుపుకుని వచ్చి, ఇది పని కాదు కృపా, తిరుగుడు, అన్నావు. ఇప్పుడు నువ్వే దాన్ని తిప్పుతాండావు. చేతిలో మందు పెట్టుకుని.

ఆ పని ఎప్పుడో అయిపోయిందన్నా. నువ్వే కానీయడం లేదు.

నేను కోపంతో రాయడం లేదు. పోయిన ఉత్తరంలో రాసిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటాండా. నాకు భయమేస్తాంది. మొన్న సమాధుల పండగకు ఈడ పెద్ద సిస్టర్ల సమాధుల కాడ కొవ్వొత్తులు పెట్టినాం. అమ్మకు మీరు పెట్టింటారు కదా అనుకున్నా. అట్లా అనుకుంటా నీ ఉత్తరాలన్నీ వరసగా మనసులో తిప్పుకున్నా. కాన్పయింది అని రాసినావు. ఆడపిల్ల అని రాసినావు. ప్రశాంతి బాగానే ఉండాది, అని రాసినావు. బిడ్డ బాగుండాది అని నువ్వు ఎప్పుడూ రాయలా. ఒక్క ఉత్తరంలో కూడా.

అన్నా, నువ్వు ఇంటికి ఎందుకు పోవడం లేదు?

ఏమున్నా రాయి. మదర్ ఈ ఉత్తరం చదివి, నీ జవాబు వచ్చినప్పుడు తాను తెరవనని, అట్లనే ఇస్తానని చెప్పినారు.

కృప

•

అనంతపురం
19 నవంబరు 2023, ఆదివారం

కృపా,

ఇది ఇంట్లో కూర్చుని రాస్తాండా.

బిడ్డ లేదు. జూలై నెలాఖరులో పుట్టింది, మరుసటి రోజే పోయింది. ఊపిరితిత్తులు తయారు కాలేదన్నారు. డాక్టర్లు చేయగలిగింది చేసినారు, వాళ్ళ తప్పు ఏమీ లేదు. ప్రశాంతికి బీపీ ఎక్కువై ఉన్నపళంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. బిడ్డ పుట్టి, గాజు పెట్టెలో పెట్టినాక, బాగానే ఉండాది, మీరు పోయి పెద్దాయన్ని తెచ్చుకోండి, అన్నారు. నాయన నల్లమాడ అవతల మందతో ఉన్నాడు, ఫోను కలవలేదు. బైకు మీద పోయినా. వెతుక్కుని, మందను తిప్పేష్‌కు అప్పజెప్పి, నాయనను ఎక్కించుకుని తిరిగొచ్చేసరికి అయిపోయింది. నాయన ఆస్పత్రి మెట్ల మీద నుంచే వెనక్కి తిరిగి బయట కూర్చున్నాడు. సాయంత్రం ఫాదర్ వచ్చినాడు. అమ్మ పక్కన పెట్టినాం.

సోమవారం ఆఫీసుకు పోయినా. ఇంట్లో ఉండి చేసేదేమీ లేదు. ప్రశాంతి గోడ పక్కకు తిరిగి పడుకునేది. పలకరిస్తే జవాబు చెప్పేది, అంతే. పాలు రాకుండా మాత్రలిచ్చినారు. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళు ఆమే చూసుకునింది. నేను గదిలోకి పోతే ఇద్దరూ మాటలాపేసేవాళ్ళు.

ఆఫీసులో స్టైల్‌షీట్ తిరుగుతాంటే బాగుండేది. బాగుండేది అంటే బాగుండేదని కాదు. కంప్యూటర్‌లో పని నడుస్తాంటే దాని ముందు కూర్చున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. నాగేశ్వర సార్ కూడా వచ్చి చూసి, నడుస్తాందా, అంటాడు. నడుస్తాంది సార్, అంటా. అంతే. కీ పెడితే ఎంతసేపట్లో అయిపోతాదో నాకు తెలుసు. నీ ఉత్తరం రాకముందే తెలుసు. రాసినా కూడా. వాడితే పని అయిపోతాది, అయిపోతే తాళం వేసి ఇంటికి పోవాల.

నీకు నేనే ఉత్తరంలో చెప్తానని నాయనకు, ప్రశాంతికి చెప్పినా. ఆడపిల్ల అని రాసినా. ఆ తర్వాత లైను రాయాల. రాలేదు. ఫైలు ఆగిపోయిందని రాసి మూసేసినా. అప్పుడు ఫైలు ఆగలేదు. ఆ తర్వాత నువ్వు సంతోషంగా రాసినావు, ఇంక ఎట్లా రాయాల్నో తెలియలేదు. నాయనకు వచ్చిన కార్డు నేనే చదివి వినిపించినా, మనవరాలి లైను వదిలేసి. కృప ఒక్క మాట కూడా అనలేదే, అన్నాడు నాయన. నేను కార్డు మడిచి జేబులో పెట్టుకున్నా. ప్రశాంతి ఒకసారి, కృప ఏమన్నా రాసిందా, అని అడిగింది. రాసింది, బాగుండానని, అని చెప్పినా. మళ్ళా అడగలేదు.

సమాధుల పండగకు ప్రశాంతి, నాయన పోయినారు. నేను పోలేదు. ఫైలు పెట్టినానని చెప్పినా.

నీ ఆఖరి ఉత్తరం పదకొండో తేదీ శనివారం అందింది. మరుసటి రోజు ఆదివారం, మామూలుగానే ఆఫీసులో ఉండా. మధ్యాహ్నం మెట్ల మీద ఎవరో వస్తాండారని చూస్తే ప్రశాంతి. ఆటోలో వచ్చింది, చేతిలో క్యారియర్. ఆమె ఆ ఆఫీసుకు ఎప్పుడూ రాలేదు. ఇంట్లోంచి బయటికి రావడమే సమాధుల తోటకు పోయిన రోజు తర్వాత అదే. నీ కుర్చీ మీది ప్రింటరును కింద పెట్టి ఆమెకు వేసినా. కూర్చుంది. తెర మీద వరసలు పోతాంటే చూసింది.

ఇదేనా, ఎప్పటికీ అయిపోని పని, అనింది.

అవునని చెప్పినా.

ఎందుకు అయిపోదు, అని అడిగింది. తప్పు పట్టినట్టు కాదు. తెలుసుకుందామని అడిగినట్టే.

నీ ఉత్తరం బల్ల మీదనే ఉంది. నేను నడిచేదాన్ని ఆపినా. డబుల్ స్లాష్ తీసేసి కీ పెట్టినా. బొమ్మల లెక్క మార్చినా. మళ్ళా పెట్టినా. ప్రశాంతి క్యారియర్ విప్పుతాంది. పై గిన్నెలో చెనిక్కాయ చట్ని, కింద రాగి సంగటి. రెండో గిన్నె తీసేలోపల తెర నిలిచిపోయింది. పేజీలన్నీ వచ్చేసినాయి.

అయిపోయిందా, అనింది.

అయిపోయింది.

ఆమె కాసేపు తెర పక్క చూసి, గిన్నెలు మళ్ళా ఒకదాని మీద ఒకటి పెట్టి క్యారియర్ బిగించింది. ఇంటికి పోయి తిందాం పా, అనింది.

తాళం వేసి వచ్చినాం. తినేటప్పుడు చెప్పినా, కృపకు తెలీదు, నేను రాయలేదు, అని. ఆమె చేయి గిన్నెలోనే ఆగిపోయింది. నేనింతకాలం కృప రాతిగుండెది అనుకున్యా కదప్పా, అనింది. నీ ఉత్తరాలన్నీ తెచ్చియ్యమనింది. తెచ్చిచ్చినా. అన్నీ చదివింది. మధ్యలో లేచి నీళ్ళు తాగి వచ్చి మళ్ళా చదివింది.

చదివినాక, జ్ఞానస్నానం ఎప్పుడని అన్నిసార్లు అడిగింది పాపం, అయిపోయిందని రాయి, అనింది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. నేను నల్లమాడ పోయిన పూట, బిడ్డకు బాగలేదని తెలిసి, తాను మంచం మీద నుంచి లేవలేక, నర్సమ్మను పిలిచిందంట. హబీబా అని, పెద్దామె. నా బిడ్డ తల మీద మూడుసార్లు నీళ్ళు పోసి ఈ మాటలనమ్మా, అని ప్రాధేయపడిందంట. మేము సాయిబులం కదమ్మా, మేము పోస్తే చెల్లుతుందా, అనిందంట ఆమె. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరు పోసినా చెల్లుతుందని గుడిలో నేర్పించినారని ప్రశాంతి చెప్పిందంట. పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అని రెండుసార్లు ఆమె చేత చెప్పించిందంట. పేరేమమ్మా, అని అడిగిందంట హబీబా. మేము పేరు అనుకోలేదు కదా ఇంకా. ఆలోచించేదానికి లేదు, నోటికొచ్చింది చెప్పినా, అనింది ప్రశాంతి. హాస్టల్లో తనతో పాటు ఉండిన పిల్ల పేరు. హబీబా పోయి, కాసేపటికి తిరిగొచ్చి, పోసినానమ్మా, మాటలు తప్పకుండా చెప్పినా, కండ్లు తెరిచింది, అని చెప్పిందంట.

ఎందుకు నాకు చెప్పలేదని అడిగినా. నువ్వు ఇంట్లో ఉంటివా, అనింది.

పేరు అంజలి.

నాకూ పోయిన ఆదివారమే తెలిసింది. నిన్న నాయనకు చెప్పినా. ఆయన ఆ పేరు రెండుసార్లు అనుకుని, గడప కాడ నుంచి లేచి, సమాధుల తోటకు పోదాం పా, నేను నీతో ఆడికి మళ్ళా రాలేదు కదా ఇంతవరకు, అన్నాడు. పోయినాం. నేను పోవడం అదే మొదటిసారి, పెట్టిన రోజు తర్వాత. మట్టి కొంచెం కుంగింది. నాయన చేత్తో సర్దినాడు.

పాత సంచికల పని అంతా ఈ వారంలో అయిపోయింది. నాగేశ్వర సార్ ఇంకో పత్రిక ఇస్తానన్నాడు. సాయంత్రం ఇంటికి వస్తాండా. వచ్చినాక ఏం చేయాల్నో తెలియదు. కూర్చుంటాం. నిన్న ప్రశాంతి బియ్యంలో రాళ్ళు ఏరుతాంటే నేనూ పక్కన కూర్చుని ఏరినా.

నువ్వు సెలవు అడిగి పెట్టుకున్నావు. దాన్ని నేను పాడు చేసినా. మదర్‌కు నా తరపున చెప్పు.

అన్న
జాకబ్

•

నూజివీడు దగ్గర
3 డిసెంబరు 2023

వదినకు,

ఈ ఉత్తరం నీ పేరు మీద రాస్తాండా. అన్న చదివితే చదవనీ.

నాకు తెలియదు వదినా. తెలిసి ఉంటే ఆ ఉత్తరాల్లో ఒక్కటి కూడా అట్లా రాసి ఉండేదాన్ని కాదు. నువ్వు అవన్నీ కూర్చుని చదివినావని అన్న రాసినప్పటి నుంచి, ఏ లైను నిన్ను ఎంత కోసి ఉంటాదోనని ఒక్కొక్కటే గుర్తుకొస్తాంది.

హబీబా గారు పోసిన జ్ఞానస్నానం చెల్లుతుందా అని మదర్‌ను అడిగినా. చెల్లుతుంది, అందులో అనుమానం లేదు, అనింది. అడగాల్సిన పని లేదు, నీకు తెలుసు. అయినా ఆమె నోటితో వినాలనిపించింది. ఈ పొద్దు పూజలో ఆ పేరు చదివినారు. ముప్పై మంది సిస్టర్లు ఆ పేరు ఒకేసారి అన్నారు. వాళ్ళకు ఎవరో తెలియదు.

నేను సెలవు అడగలేదు. జ్ఞానస్నానానికి ఇచ్చిన సెలవు కదా, అది అయిపోయింది కదా, అనుకున్నా. మదరే పిలిచి, తేదీ దాటినా ఫర్వాలేదు, పోయి మీ వదిన దగ్గర రెండు రోజులు ఉండు, అనింది. పదో తేదీ పొద్దున దిగుతా. వంట ఏమీ చేయొద్దు.

అన్నను స్టేషనుకు పంపు. దావలో నేను ఏమీ అడగనని చెప్పు.

వదినా, అంజలి ఎవరి పోలికో ఇంతవరకు ఎవరూ నాకు చెప్పలేదు. నువ్వు ఒక్కసారే చూసింటావు. చూసినంత చెప్పు.

అంజలి మేనత్త
కృపాకుమారి